మందమారుతమునకు ఎట్టి పలక?

"అయ్యవారూ, మా మామ పంపెదనన్న పలకను పుచ్చుకొందునా, వలదందునా?" అని పోయిన వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతి బాలుడొకడు నన్నడిగెను. పలక యనగా పూర్వము బడిపిల్లలు ఓనమాలు దిద్దిన నల్లపలక గాదు. పెద్ద గాలిపటమును నడికట్టునకు తగిలించుకొని, పాదములను పలకమీది పట్టీలలో దూర్చి, నీటిపై జారుచు పోవు క్రీడ యొకటి కలదు. దానికి వాడు పలకను కైటుబోర్డు అందురు. బాలుని ప్రశ్నకు నేను నాడు చెప్పిన ఉత్తరము వానికి రుచింపలేదు. వాని తండ్రికి అంతకంటెను రుచింపలేదు. ఊరక వచ్చు వస్తువును వలదనుమనుట వారికి వింతగా దోచెను. ఇది యొక కుటుంబపు సంగతియే యైనను, మన విద్యార్థులలో పలువురకు సముద్రక్రీడలపై మోజు హెచ్చుచున్నందున, నా యభిప్రాయమును కారణసహితముగా ఈ సంచికలో విన్నవించుచున్నాను.

ఆ మామ ఆస్ట్రేలియా దేశమున పెర్తు నగరమందు ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చట వేసవిలో మధ్యాహ్నము దాటగానే సముద్రమునుండి బలమైన గాలి వీచును. ఎండ బాధను తీర్చునది గనుక దానికి "ఫ్రీమాంటిల్ డాక్టరు" అని జనులు ముద్దుపేరు పెట్టిరి. ఆ వైద్యుని చేయి మిక్కిలి గట్టిది. గంటకు ముప్పది, నలుబది కిలోమీటర్ల వేగముతో వీచుట వానికి నిత్యకృత్యము. అట్టిచోట మామ వాడిన పలక 132 సెంటిమీటర్ల నిడివియు 38 సెంటిమీటర్ల వెడల్పును గలిగి, రెండు కొసలు దోనెవలె పైకి వంగియున్నది. అచ్చటికి అది చక్కని పలకయే. నేను దానిని నిందింపను. అయితే మేనల్లుడు దిగబోవునది హిందూ మహాసముద్రపు పెర్తు తీరమున గాదు, మన తూర్పుతీరమున.

ముందుగా గాలి సంగతి. గాలి వేగము సగమైనచో బలమును సగమగునని మన బాలురు తలతురు. పరీక్షాపత్రములలో సైతము అట్లే వ్రాయుదురు. అది పొరపాటు. ఒకే పటముపై గాలి చూపు ఒత్తిడి వేగము యొక్క వర్గమును బట్టి యుండును. గంటకు 36 కిలోమీటర్ల గాలి 18 కిలోమీటర్లకు తగ్గినచో బలము నాల్గవ పాలికి దిగును. పెర్తులో తొమ్మిది చదరపు మీటర్ల పటముతో ఆడువాడు ఇచ్చట అదే బలమును పటమునుండియే రాబట్టవలెనన్నచో ముప్పదియారు చదరపు మీటర్ల పటము కావలెను. అంతటి పటమును ఎత్తువారును లేరు, అమ్మువారును లేరు. ఈ క్రీడలో పదునెనిమిది చదరపు మీటర్లకు మించిన పటములే అరుదు. కావున పటము తీర్పలేని లోటులో కొంత వేఱొకటి తీర్పవలెను. అది పలకయే.

నీటిపై తేలుట వేఱు, జారుట వేఱు. ఈ పలక పడవవలె మనుష్యుని మోయదు. నిలిచియున్న పలకపై నెక్కినవాడు మునుగును. చెరువుగట్టున నిలిచి బిళ్లరాయిని ఏటవాలుగా విసరినచో అది నీటిని తాకి తాకి గంతులు వేయును గదా. వేగము తగ్గిన క్షణముననే బుడుంగున మునుగును. పలకయు నంతే. దానిని నీరు పైకి నెట్టు బలము పలక వైశాల్యమును బట్టియు, వేగముయొక్క వర్గమును బట్టియు నుండును. వైశాల్యము హెచ్చినచో తక్కువ వేగముతోనే జారుట ఆరంభమగును. ఇక జారుట ఆరంభమైన పిమ్మట ఒక చమత్కారము జరుగును. పలక పరుగిడుకొలది పటమునకు తగులు గాలియు హెచ్చును; సైకిలు తొక్కువాని ముఖమునకు గాలిలేని దినమున సైతము గాలి తగులునట్లు. కష్టమంతయు ఆ మొదటి నాలుగు బారల దూరమునందే యున్నది. మందమారుతమున పలకను ఎన్నుకొనుటయనగా ఆ నాలుగు బారలను దాటించు పలకను ఎన్నుకొనుటయే.

ఈ మాట నేను పుస్తకమున చదివి చెప్పుట లేదు. కొన్ని సంవత్సరముల క్రిందట రామేశ్వరమునకు పోయి ఈ విద్యను కొంచెము నేర్చితిని. అచ్చట దీవికి ఇరువైపులను లోతు తక్కువైన నీరుండుటచే నేర్చుకొనువారికి అనుకూలము, నేర్పువారును గలరు. నాలుగు దినములు గాలి బాగుగా వీచెను. నేనే శూరుడనని తలచి, తిరిగివచ్చునపుడు ఒకనియొద్ద వాడిన పలకను చౌకగా కొంటిని. ఆతడు నా బరువునుగాని, నేను దానిని ఎచ్చట వాడుదునని గాని అడుగలేదు, నేనును చెప్పలేదు. తూపిలిపాళెపు తీరమునకు దానిని తెచ్చి మూడు మధ్యాహ్నములు ప్రయత్నించితిని. పటము ఆకాశమున చక్కగా నిలిచెను. నేను మాత్రము నడుములోతు నీట కూర్చుండి, పటమును ఎనిమిది అంకె వ్రాసినట్లు క్రిందికిని పైకిని త్రిప్పుచు, లేచుటయు మునుగుటయు తప్ప వేఱొకటి యెఱుగను. గట్టుపై వలలు బాగుచేసికొనుచున్న పట్టపువారి ముదుసలి యొకడు చాలసేపు చూచి, "అయ్యా, మీ తెప్పకు దుంగలు చాలవు" అనెను. ఆ మాట నాకు మొదట కోపము తెప్పించెను. ఇంటికి వచ్చి లెక్క వేసికొనగా అతడు చెప్పినదే భౌతికశాస్త్రమని తేలెను.

ఆ లెక్కను బాలునికిని చూపితిని. మామ పలక వైశాల్యము, కొసల గుండ్రమును విడిచినచో, 132ను 38తో హెచ్చింపగా 5,016 చదరపు సెంటిమీటర్లు. మందగాలికి చేయు పలకలలో వాని బరువునకు తగినది సుమారు 150 సెంటిమీటర్ల నిడివి, 44 సెంటిమీటర్ల వెడల్పు గలది, వైశాల్యము 6,600. దాదాపు మూడవ వంతు అధికము. తక్కినవి సమానములైనచో ఈ పలక ఎనిమిదవ వంతు తక్కువ వేగముతోనే నీటిపైకి లేచును. ఎనిమిదవ వంతు ఏపాటిదని యనరాదు. గాలి చాలియు చాలని దినమున ఆడుటకును కూర్చుండుటకును నడుమనున్న భేదము అంతియే. ఎనుబది కిలోల బరువుగల నావంటివానికి ఇంకను పెద్దది, 160 సెంటిమీటర్ల నిడివియు 46 వెడల్పును గలది, కావలసియుండును. బరువు అడుగక పలక నమ్మువాడును, బరువు చెప్పక కొనువాడును చొక్కాను కొలతలేక కుట్టించినట్టివారే.

వైశాల్యమొక్కటే చాలదు. వెడల్పు నిడివికంటె ముఖ్యమని నా తలంపు. నిడివి మాత్రము పెంచిన పలక త్రిప్పుటకు బరువగును. అంతకంటె ముఖ్యము వంపు. పలకను నేలపై బోర్లించి ప్రక్కనుండి చూచినచో ఎంత వంగియున్నదో తెలియును. వంగిన పలక నీటిని ముందునకు నెట్టుచు పోవును; చదునైనది నీటిపై పఱచుకొని జారును. అంచులు తిన్ననివైనచో గాలికెదురుగా ఏటవాలున నడచుటకు పట్టు దొరకును. ఈ ఎదురునడక రానివాడు ప్రతిసారియు గాలివాలున కొట్టుకొనిపోయి, పలకను చంకనిడుకొని ఇసుకలో మైలు దూరము నడచి రావలసియుండును. మందగాలిలో ఆ నడకయే నూటికి తొంబదిమంది ఉత్సాహమును చంపుచున్నది. చదునైన వెడల్పు పలకకు దోషములు లేవనను. నీరు గతుకుగతుకుగా నున్నపుడు అది టపటప కొట్టుకొని మోకాళ్లను నొప్పించును. గాలి హఠాత్తుగా హెచ్చినచో దాని అంచును నీటిలో అదిమి పట్టుట కష్టము. గంతులు వేయగోరువారికి అది ఎద్దుబండివలె దోచును. మన పిల్లలకు ముందు బండి నడచుట ముఖ్యము.

"పలక ఏదైన నేమి, పెద్ద పటము కొనిన సరిపోవును గదా" యని బాలుని తండ్రి వాదించెను. ఈ వాదము పలువురిది. పెద్ద పటము బరువైనది, మెల్లగా తిరుగును. మందగాలిలో బలము పుట్టునది పటమును చుఱుకుగా త్రిప్పుటవలననే గనుక, ఒక చేత నిచ్చినదానిని మఱియొక చేత తీసికొన్నట్లగును. గాలి ఒక నిముషము ఆగెనా, గాలిని నింపిన గొట్టముతో నున్న ఆ పటము నీటిపై బడి, మరల లేవ నిరాకరించును. పైగా పటము వెల పలక వెలకంటె ఎంతయో అధికము. పటపు గుడ్డ ఎండకు చివికిపోవును, పలక చాలకాలము మన్నును. ధనము కొలదిగా నున్నవాడు మొదట పలకను సరిచూచుకొని, పటము సంగతి పిమ్మట ఆలోచింపవలెను. మన కళ్లములలో రైతు గాలి తక్కువైనపుడు ఏమి చేయుచున్నాడు? పెద్ద గాలికై కాచుకొని కూర్చుండడు. చేటను ఇంకను పైకెత్తి, గింజను పలుచగా జారవిడుచును. గాలి వచ్చినపుడే తూర్పారబట్టవలెనను సామెత నిజమే గాని, వచ్చిన గాలి కొంచెమైనను తూర్పారబట్టు నేర్పు వానికున్నది.

ఈ క్రీడను ఆరంభించినవారును గాలి బలమును గూర్చియే చింతించిరి. నీటబడినను మరల లేచు గాలినింపుడు పటమునకు ఫ్రాన్సు దేశమునందలి బ్రిటనీ ప్రాంతపు లెగెన్యూ సోదరులు 1984 నవంబరులో హక్కుపత్రమునకై దరఖాస్తు చేసిరి. అదే నెలలో మన శ్రీహరికోట చెంత పెద్ద తుపాను తీరము దాటి వందలకొలది ప్రాణములను బలిగొనెను. ఈ రెంటికిని సంబంధమేమియు లేదు. కాని ఆ తుపాను నెఱిగిన మన తీరపు పెద్దలయెదుట గాలితో ఆటలను గూర్చి మాటలాడునపుడు కొంచెము తగ్గి మాటలాడుట మంచిదని నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఇక నా యభిప్రాయమునకు మూలమైన విషయము చెప్పవలసియున్నది. తిరుపతి చిత్తూరు బాలురకు గాలి యనగా ఆషాఢపు గాలి. కొండల మీదుగా పడమటినుండి హోరున వీచి, దుమ్ము లేపి, గాలిపటముల దారములు తెంపు ఆ గాలిని చూచి, "ఇదియే గదా అదను" అని వారు సముద్రమునకు బయలుదేర జూతురు. 2022 ఏప్రిలు 4వ తేది నుండి సూళ్లూరుపేట, తడ ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరుటచేత సముద్రము మనకు మన జిల్లాలోనిదైనది. తిరుపతి నుండి సూళ్లూరుపేట నూఱు కిలోమీటర్ల లోపే. కాని తీరమున నిలిచి చూడుడు. ఆ పడమటి గాలి నేలమీదినుండి నీటిమీదికి పోవుచున్నది. పటము తెగినను, పలక జారినను, చేతులు సోలినను, అది మనుష్యుని తూర్పునకే, అనగా నడిసముద్రమునకే తీసికొనిపోవును. జూన్, జూలై, ఆగస్టు మాసములలో ఉదయమంతయు ఇట్లే వీచి, ఎండకు నేల కాగిన పిమ్మట మధ్యాహ్నముననో అంతకును ఆలస్యముగనో సముద్రపు గాలి తిరుగును. కొన్ని దినములలో తిరుగనే తిరుగదు.

ఏతావతా మన తీరమున ఆ మాసములలో బలమైన గాలి ప్రమాదకరమైనది. క్షేమమైన గాలి బలహీనమైనది. అలల తలలు అక్కడక్కడ మాత్రము తెల్లబడు ఆ పైరగాలి గంటకు పదునైదు, ఇరువది కిలోమీటర్ల వేగముతో ఏటవాలుగా గట్టువైపు వీచును. పడిపోయినవానిని అది ఇసుకకు చేర్చును. మాఘఫాల్గుణములు గడచి ఎండలు ముదురుకొలది దక్షిణపు గాలియు దానితో కలియును. చిన్న పలక గలవానికి ఈ పైరగాలి చాలదు. చాలనందున వాడేమి చేయును? గాలి లేదని విసుగుచెంది, పడమటి గాలి హోరుమను ఉదయమునకై కాచుకొనును. పెర్తు పలకను నేను వలదనుటకు నిజమైన కారణమిదియే. అది కదలకున్నచో నష్టము లేదు. అది బాలుని తగనిగాలికి ఈడ్చుననియే నా భయము. వాని తండ్రి ఈ మాట విన్న పిమ్మట కొంతసేపు మాటలాడలేదు.

బాలుడు మాత్రము అంతటితో విడువలేదు. "మామ పలక వలదన్నచో, అయ్యవారూ, రెక్క పలక కొందును" అనెను. 2024లో పారిసు ఒలింపిక్సు సందర్భమున మార్సే సముద్రమున ఈ క్రీడకు మొట్టమొదటిసారి పతకము లిచ్చిరి. పురుషులలో ఆస్ట్రియా దేశపు వాలెంటిన్ బోంటస్, స్త్రీలలో బ్రిటనుకు చెందిన ఎల్లీ ఆల్డ్రిడ్జి బంగారు పతకములు పొందిరి. సింగపూరు బాలుడు మాక్స్ మేడర్ పదునేడేండ్ల ప్రాయమున కాంస్యము గొనెను. ఆ మాక్స్ మేడర్ చిత్రమే మా వాని పుస్తకపు అట్టపై నున్నది. అచ్చట గాలి చాలక పందెములు వాయిదా పడిన మాటయు వాడెఱుగును. వారు వాడిన పలకల క్రింద నిలువుకాడయు, దాని యడుగున విమానపు రెక్కవంటి రెక్కయు నుండును. వేగము కొంచెము రాగానే రెక్క నీటిలోపలనుండియే పలకను పైకెత్తును. పలక నీటిని తాకనే తాకదు. గంటకు పది, పండ్రెండు కిలోమీటర్ల గాలి చాలును. మందగాలికి ఇంతకంటె చక్కని సాధనము లేదని నేనును ఒప్పుకొందును. అట్లయినను దానిని మన బాలుడు కొనరాదని నా దృఢమైన మతము.

ఆ నిలువుకాడ ముప్పాతిక మీటరు నుండి మీటరు పైచిలుకు పొడవుండును. పులికాటు సరస్సున నీరు సగటున మీటరు లోతు. పెక్కుచోట్ల మోకాలు బంటియే. రెక్క బురదను గ్రుచ్చుకొని మనిషి ముందునకు బోర్లపడును. పడినవానికి ఆ రెక్క అంచు కత్తివంటిది. ఇక సముద్రమున వలలున్నవి. వెడల్పు పలక నీటిలో నాలుగువ్రేళ్ల లోతునకు మించి దిగదు. దాని క్రిందనున్న చిన్న తోకలను గూడ విప్పవచ్చును. రెక్క పలక వలను తగిలెనా, వల చినుగును, వల గలవాని నాటి కూలి పోవును. మన యాటకై వేఱొకని యన్నమును చింపుటకు మనకేమి హక్కు?

పులికాటు పేరెత్తితిని గనుక ఇంకొక మాట. లోతు తక్కువ, అలలు లేవు, పైరగాలి యున్నది, చదును పలకకు ఇంతకంటె యోగ్యమైన నీరు దొరకదని చూచినవారెల్లరకు దోచును. నాకును దోచెను. కాని అది పక్షుల అభయారణ్యము. ఒరిస్సాలోని చిలుక సరస్సు తరువాత మన దేశమున అంతటి ఉప్పునీటి కయ్య వేఱొకటి లేదు. రాజహంసలని మనవారు పిలుచు ఫ్లెమింగోలు చలికాలమున వేలకొలది అచ్చట దిగును. చెంతనున్న నేలపట్టున గూడబాతులు గూళ్లు కట్టును. తలపై పదునైదు చదరపు మీటర్ల గుడ్డ సుడులు తిరుగుచుండగా ఏ పక్షి నిలుచును? గ్రద్ద నీడకే లేచిపోవు జాతి యది. శ్రీహరికోట వైపు తీరమా, అది రాకెట్టు కేంద్రపు కట్టుబాట్లలో నున్నది. కావున మనకు మిగిలినది తూపిలిపాళెము వంటి బహిరంగ తీరములే, అందును చిత్రవర్ణపు జెండా పాతి, జాలరులను ముందుగా అడిగి, వలలు లేని చోటనే. ఒడ్డున విరుగు అలలను దాటి లోనికి పోవుటకు రెక్క పలక మిక్కిలి చిక్కు. ఇచ్చటను వెడల్పు పలకకే నా మాట.

మొన్న దసరా సెలవులలో బాలుని మామ స్వదేశమునకు వచ్చి నన్ను చూడవచ్చెను. ఆయనకు నాపై కోపముండునని తలచితిని. లేదు. పెర్తులోను గాలి లేని దినములున్నవనియు, ఆ దినములకై తానును 160 పలక నొకదానిని ఇంట నుంచుకొన్నాననియు, దానిని మాత్రము ఎవ్వరికిని ఇయ్యననియు నవ్వుచు చెప్పెను. చిన్న పలకను పంపుట మానుకొని, ఆ తపాలా ఖర్చును మేనల్లుని చేతికిచ్చెను. దానికి మఱియిద్దరు సహపాఠులు తమ పండుగ డబ్బులు చేర్చిరి. ఒకని జేజి తన ముడుపులోనుండి తీసి యిచ్చెనట. మదరాసు నగరమున వాడినది యొకటి, 150కి 44ది, అంచులు చీలనిది, దొరకినది. కొనకమునుపు దానిని గచ్చుపై బోర్లించి వంపు కొలిచి చూచిరి. నడుమకును నేలకును నడుమ పలుపుత్రాడు మాత్రమే దూరినదట.

అది యిపుడు మా విజ్ఞానశాస్త్రపు గదిలో బీరువా వెనుక నిలువబెట్టియున్నది. పటము ఇంకను కొనలేదు. ఎండకాలపు పైరగాలి వచ్చులోపల ముగ్గురును ఈతలో ఆరితేరవలెనని నేను షరతు పెట్టితిని. ఇద్దరు ఊరి బావిలో చక్కగా ఈదుచున్నారు. మూడవవాడు, అనగా ఒలింపిక్సు చిత్రము గలవాడు, నీటిలో తల ముంచుటకు ఇంకను ముక్కు మూసికొనుచున్నాడు.